ఎన్ని చెడిపోయాయని అడిగిన మామ

నిన్న పొద్దున వాట్సాప్ స్టేటస్‌లో మా మునిరత్నం మామ ఫోటో కనిపించింది.

ఫోటోకి దండ వేసి ఉంది.

ముందు అర్థం కాలేదు. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫోటో అనుకున్నాను. కింద RIP అని చూశాక కూడా కాసేపు అలాగే అనుకున్నాను.

హార్ట్ ఎటాక్. నిద్రలోనే పోయాడట.

స్టేటస్ పెట్టింది మా పిన్ని కూతురు. నాకు ఫోన్ చేసి చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఫ్యామిలీ గ్రూపులోంచి నన్ను తీసేసి చాలా రోజులైంది.

తిరుచానూరులో నేను పనిచేసే లాడ్జి రిసెప్షన్‌లో ఉన్నాను అప్పుడు. ఎదురుగా ఎవరో యాత్రికులు తాళం అడుగుతున్నారు. ఇచ్చాను. వేరే రూము తాళం ఇచ్చాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. సత్యవేడు చుట్టుపక్కల పల్లెలకి బోరు బండ్లు మాట్లాడిపెట్టే ఏజెంట్. ఆ బండి మోత పక్కన ఏళ్ళ తరబడి నిలబడి చెవులు సగం పోయాయి. అందుకని ఆయన గుసగుసలాడినా వీధంతా వినాల్సిందే.

నా సంగతి ఇక్కడ నా పోస్టులు చదివే మీ అందరికీ తెలుసు. నన్ను అబ్బాయిగా పెంచారు. నేను అమ్మాయిని.

ఇంట్లో ఆ మాట చెప్పిన రోజు అందరూ అరిచారు. ఎప్పుడూ అరిచే మామ మాత్రం అరవలేదు. మర్నాడు ఫోన్ చేసి, "తిన్నావా పాపా?" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి నేను ఆయనకి పాపనే.

సర్జరీ చేయించుకోవాలని గట్టిగా అనుకున్నాక, డాక్టర్‌ని ఎంచుకోవడం నా వల్ల కాలేదు. ఇన్‌స్టాలో చూస్తే అందరూ దేవుళ్ళే. ఒక ఫ్రెండ్ ఒక పేరు చెప్తే ఇంకో ఫ్రెండ్ అక్కడికి మాత్రం పోవద్దంటుంది. అడగడానికి ఇంట్లో పెద్దదిక్కు లేదు.

సిగ్గు విడిచి మామకే చెప్పాను.

"బోరు ఏసే ముందర నీళ్ళ పాయింటు సూసేవాణ్ణి ఎట్ల ఎంచుతాం? అట్లనే ఎంచుదాం పా" అన్నాడు.

ఇద్దరం చెన్నై వెళ్ళాం.

మొదటిది పెద్ద హాస్పిటల్. గోడల నిండా నవ్వే ముఖాలు. డాక్టర్ ట్యాబ్‌లో ఫోటోలన్నీ చూపించాడు. మామ ఓపిగ్గా అంతా విని, "నీ సేతిలో ఎన్ని సెడిపోయినాయి సామీ?" అన్నాడు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డాక్టర్ నవ్వాడు. తన దగ్గర అలాంటివి ఉండవన్నాడు. మామ దణ్ణం పెట్టి లేచాడు.

"ఒక్క బోరు గూడా ఎండిపోలేదనేవాడు ఒట్టి అబద్ధాలకోరు పాపా. లేదంటే వాడు బోరే ఏసుండడు" అన్నాడు మెట్లు దిగుతూ. రిసెప్షన్ వరకు వినపడింది.

రెండోది చిన్న క్లినిక్. లేడీ డాక్టర్. మామ మళ్ళీ అదే ప్రశ్న వేశాడు.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. కాస్త ఆలోచించి, ఒకరికి మూత్రం దారి సన్నబడిపోతే మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చిందని చెప్పింది. ఇంకొకరికి గాయం మానడానికి నెలలు పట్టిందట. వాళ్ళని ఇప్పటికీ తనే చూస్తోందట.

నేను లేచిపోదామని బ్యాగు భుజాన వేసుకున్నాను. మామ మాత్రం కుర్చీలో కాళ్ళు మడిచి పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన అలా కూర్చున్నాడంటే మనిషి నచ్చినట్టే లెక్క.

ఇక మొదలుపెట్టాడు. "ఆపరేషన్ అయినాక పాప ఉచ్చ పోసేది ఎట్ల డాక్టరమ్మా? ఎన్నాళ్ళు పైపు ఉంటాది?"

తలుపు బయట హాల్లో అందరూ విన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు కూడా. డాక్టరమ్మ మాత్రం నవ్వకుండా బొమ్మ గీసి మరీ చెప్పింది.

వచ్చేటప్పుడు నర్సు, "పేషెంటుకి మీరేమవుతారు?" అని అడిగింది.

"మేనమామను. ఆడబిడ్డకు మేనమామ రాకుంటే ఎట్లమ్మా?" అన్నాడు.

నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. కుళాయి తిప్పి ఏడ్చాను.

వచ్చే నెలకి డేట్ ఇచ్చారు. తోడుగా మామ పేరే రాయించాం.

నిన్న మధ్యాహ్నానికి ఊరు చేరాను. చీరలోనే వెళ్ళాను. పాడె కడుతున్నారు. చిన్నాయన నన్ను పక్కకి పిలిచి చేతిలో ఒక పంచె పెట్టాడు.

"మీ మామకు కొడుకుల్లేరు. నిన్ను సంకనేసుకుని పెంచినాడు. ఈ ఒక్క దినం ఆ చీర తీసేసి ఇది కట్టుకోరా. వచ్చి పాడె పట్టు."

కోపంగా అనలేదు. ఆయన కళ్ళలో కూడా నీళ్ళున్నాయి. అందుకే కష్టమైంది.

మామని ఒక్కసారి మోయాలని నాకు ఎంత ఉందో ఎవరికి చెప్పను? కానీ ఆ పంచె కట్టుకుంటే, నర్సుతో మామ చెప్పిన మాటని నేనే అబద్ధం చేసినట్టు.

పంచె అరుగు మీద పెట్టేశాను.

"నేను ఆడోళ్ళతో వస్తా చిన్నాయనా."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. నా చోట ఇంకెవరో పాడె పట్టారు.

మా వైపు ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. వీధి చివర ఆగిపోతారు. నేనూ ఆగిపోయాను. పలకల మోత దూరమయ్యే దాకా నిలబడ్డాం. తర్వాత అందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెనక్కి తిరిగారు. అమ్మ నా ముందు నుంచే వెళ్ళింది.

నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.

ఈ రోజు పొద్దున క్లినిక్‌కి ఫోన్ చేసి విషయం చెప్పాను. పాపం, బాధపడ్డారు. డేట్ మార్చమంటారా అని అడిగారు. వద్దన్నాను. మరి తోడుగా ఎవరి పేరు రాసుకోమంటారు అన్నారు.

ఒక్క పేరూ తట్టలేదు.

ప్రస్తుతానికి ఖాళీగా ఉంచమన్నాను.

నీకు శాంతి దొరకాలి మామా. నేను ఒక్కదాన్నే వెళ్ళొస్తాను.

నీ పాప