మా పిట్టగోడ మీద రెండు మైకులు

చూలై పేటలో మా వీధికి కాపురం రావాలనుకునేవాళ్లు అద్దె సంగతి తరవాత, ముందు తమ చెవుల సంగతి చూసుకోవాలి. మా ఎదురుగా రేకు డబ్బాలు కొట్టే షెడ్డు. కుడిపక్క పెళ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సు. మూలమీద పరోటా మాస్టరు అట్లకాడలతో కొత్తు పరోటా కొడుతుంటే పెనం నొప్పితో ఏడుస్తున్నట్టు ఉంటుంది. ఈ సందులోంచి దూరే ఆటోలు హారను కొట్టవు, హారను మీద కూర్చునే వస్తాయి. ఈ కచేరీలో నాది పక్కవాద్యం. ఇంటి ముందుగదిలోనే మిక్సీలు, గ్రైండర్లు రిపేరు చేసే కొట్టు పెట్టుకున్నాను. అప్పుడప్పుడు ఎవరో కెమెరాలు మెడలో వేసుకుని వచ్చి, "అబ్బ, ఎంత జీవముంది ఈ వీధిలో!" అని మురిసిపోతారు. మురిసిపోయి సాయంత్రానికి వాళ్ల ఇళ్లకు వాళ్లు పోతారు. జీవం మాకు మిగులుతుంది.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. మానేశానంటే గౌరవంగా ఉంటుందని అలా అంటాను. నా వల్ల బెంచీ అంతా నవ్వుతోందని మాస్టరు నన్ను తలుపు బయట నిలబెట్టాడు. బయట గాలి బాగుంది, అలాగే నడుచుకుంటూ వచ్చేశాను. బడి వదిలింది గానీ నవ్వించడం వదల్లేదు. వీధిలో చావింటికి పోయినా నేను మూల కూర్చుంటే చాలు, నలుగురు నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకునేవాళ్లు.

అందుకే ఆషాఢం నాటి ఆడి నెలలో అమ్మోరికి అంబలి పోసే ఆదివారం మైకు నా చేతికే ఇచ్చేవాళ్లు. చెప్పులు పోయినవాళ్లు గుడి వెనక వెతుక్కోవాలనీ, ఎత్తుకుపోయినవాళ్లు సైజు సరిపోకపోతే తిరిగి తెచ్చెయ్యాలనీ, మళ్లీ మళ్లీ వరసలో నిలబడుతున్న నీలం చొక్కా మామను అమ్మోరు క్షమించినా నేను క్షమించననీ మైకులో చెబుతుంటే వీధంతా పొట్ట పట్టుకునేది. గొట్టం మైకును మా నాయన కాలం నుంచీ మా పిట్టగోడకే కట్టడం వాడుక. మైకు కట్టిన ఇల్లంటే మా వీధిలో పరువున్న ఇల్లు. కట్టడానికి నిచ్చెన ఎక్కినవాడికి మా అమ్మ మజ్జిగ ఇచ్చి, "గట్టిగా కట్టు నాయనా, పోయినేడు గాలికి తిరిగిపోయె," అని దగ్గరుండి కట్టించేది.

పోయిన సంవత్సరం ఎండల్లో ఆమెకు పక్షవాతం వచ్చింది. ఒంట్లో ఒక పక్క పనికి రాజీనామా ఇచ్చేసింది. చెవులు మాత్రం ఓవర్‌టైము మొదలుపెట్టాయి. గిన్నె మూత కింద పడితే చాలు, ఒళ్లంతా అదిరిపడి, కళ్లలోంచి నీళ్లు కారిపోయేవి. ఆ అదురు తగ్గడానికి చాలాసేపు పట్టేది. నిద్ర అన్నది లేదు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ, "నేనిచ్చే మాత్రలు సగం మందే, మిగతా సగం నిద్ర. నిద్ర లేకపోతే ఇంకోసారి రావచ్చు. ఆ ఇంకోసారికి నా దగ్గర మందు లేదు," అని నా ముఖంలోకి చూసి చెప్పింది. మాధవరంలో ఉన్న మా అక్క ఇంటికి తీసుకుపోదామంటే, అక్కడ ఇల్లు మేడమీద, మెట్లు నిచ్చెనకు తోబుట్టువులు. పైగా ఆమెను ఇప్పట్లో కదపొద్దని కూడా డాక్టరమ్మే అంది.

నా కొట్టులో మిక్సీ తిప్పడం నేనే ఆపేశాను. బాగుచేసినదాన్ని చంకలో పెట్టుకుని వీధి చివరి టీకొట్టుకు పోయి, అక్కడ ప్లగ్గు పెట్టి తిప్పి చూసుకునేవాణ్ణి. టీకొట్టు నాయరు, "ఏం, ఈ రోజు జ్యూసు ఏం పళ్లది?" అని ఎగతాళి చేసేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఎందుకు మోసుకొచ్చావని ఒక్కరూ అడగలేదు. నేను చేసేది ఏదైనా వేషమే అని వాళ్ల లెక్క.

పండగకు ముందు గుడి అరుగు మీద కమిటీ కూర్చుంది. కమిటీకి పెద్ద ప్రెస్సు మామ. మామ అంటే చుట్టం కాదు, మా నాయనతో పాటు పెరిగినవాడు, వీధికంతా మామ. నేను లేచి నిలబడ్డాను.

"మామా, ఈ తూరి మా గోడకు మైకు వద్దు. అమ్మకు నిద్ర లేదు."

 వెనక ఎవడో ఫక్కుమన్నాడు. అంతే, అరుగంతా అందుకుంది.

మామ కళ్లు తుడుచుకుంటూ, "అక్కకు నిద్ర లేదంటే దానికి మైకు ఎందుకురా, నువ్వు ఇంట్లో ఉండావు కదా, చాలదా?" అన్నాడు.

"నవ్వొద్దు మామా. నిజంగా చెప్తా ఉండా."

ఇంకా నవ్వారు. తప్పు నాదో వాళ్లదో గానీ, నేను ఇన్నేళ్లుగా ప్రతి కోతకూ ముందు "నిజంగా చెప్తా ఉండా" అనే మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు కొత్త మొదలు ఎక్కడి నుంచి తేను?

వీధి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. అమ్మకు నిద్ర చాలా అవసరం, మైకు వేరే చోట కట్టండి, దండం పెడతాను అని. కాసేపటికి నవ్వి నవ్వి కన్నీళ్లు కారే పసుపు ముఖాలు వరసగా దిగాయి. ఒకాయన ప్రత్యేకంగా "సూపర్ కామెడీ తలైవా" అని రాశాడు. ఆ పసుపు ముఖాలను చూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో ఆ పూట కన్నీళ్లు పెట్టుకుంటున్న ముఖం ఒక్కటే ఉంది, దానికి నవ్వు లేదు.

వాళ్లు నా మాటను అసలే పట్టించుకోలేదనుకుంటే అన్యాయం. పట్టించుకున్నారు, వాళ్ల పద్ధతిలో. ఆ ఏడు మైకుసెట్టును తిరువొత్తియూరు నుంచి కొత్తవాడి దగ్గర మాట్లాడారు. వాడు మైకుతో పాటు మాట్లాడే మనిషిని కూడా తెచ్చుకుంటాడట. అది తెలిసి నేను అలిగానని కమిటీ తేల్చింది. శనివారం నేను సామాన్లు కొనడానికి పోయి వచ్చేసరికి మా పిట్టగోడ మీద ఒకటి కాదు, రెండు గొట్టాలు. ఒకటి వీధి మొదటి వైపు, ఒకటి చివరి వైపు. రెండింటికీ సరిగ్గా కింద మా అమ్మ మంచం పక్క కిటికీ. మామ తాంబూలం పళ్లెంతో గుమ్మంలో నిలబడి నాకు తువ్వాలు కప్పాడు.

"అలక తీరిందా అల్లుడా? మైకూ నీదే, ఇల్లూ నీదే. వాడు ఊరికే పక్కన కూచుంటాడు."

"మామా, ఇది అలక కాదు. లోపలికొచ్చి అమ్మను చూడు."

"చూస్తా, చూస్తా. పండగైనాక తీరిగ్గా వచ్చి చూస్తా," అని నా బుగ్గ గిల్లి వెళ్లిపోయాడు.

ఆదివారం తెల్లవారకముందే పాట మొదలైంది. అమ్మ అదిరిన అదురుకు మంచం కోళ్లు నేలమీద చప్పుడు చేశాయి. చెవుల్లో దూది, దాని మీద తువ్వాలు, దాని మీద నా చేతులు. నా అరచేతుల మధ్య ఆమె తల కొట్టుకుంటోంది. మా ఇంటావిడ నా వంక చూసి, "నువ్వు చెప్తే ఎవురు నమ్ముతారు? నేను పోతా," అని చీర కుచ్చిళ్లు దోపుకుని బయలుదేరింది. ఆమె జీవితంలో ఒక్క జోకు వేసి ఎరగదు. అందువల్ల వెంటనే నమ్మారు.

కిటికీలోంచి చూస్తున్నాను. మామ ముఖం మారిపోయింది. "అయ్యో, ముందే చెప్పరాదా ఆ ఎదవ!" అన్నాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. అమ్మయ్య, అనుకున్నాను. పాట ఆగింది కూడా.

ఆగింది ఎందుకంటే మామ మైకు తీసుకోవడానికి. మా అమ్మకు బాగులేదనీ, ఈ వీధికే తల్లిలాంటి మనిషనీ, అందరూ ఆమె కోసం అమ్మోరికి మొక్కుకోవాలనీ ఏడుపు గొంతుతో చెప్పాడు. ఆ మాట నా నెత్తిమీది రెండు గొట్టాల్లోంచీ వచ్చింది. పంబలు కొట్టేవాళ్లను గుడి దగ్గరి నుంచి పిలిపించి, మా గుమ్మం ముందు నిలబెట్టాడు. "మా అక్క లేచి కూచునేదాకా కొట్టండ్రా!" వీధి ఆడవాళ్లంతా అమ్మోరి కొలువు పాట ఎత్తుకున్నారు. కల్మషం లేదు, ఆ సంగతి ఒప్పుకుంటాను. ఒకామె నిజంగానే వెక్కి వెక్కి ఏడుస్తోంది. మా వీధికి ప్రేమ వస్తే దానికి వాల్యూము తగ్గించే మర ఉండదు.

అమ్మ నోరు ఒక పక్కకు లాగి, కళ్లు పైకి తేలిపోవడం చూశాను. కటింగ్ ప్లయరు నా జేబులోనే ఉంటుంది. మేడ ఎక్కాను. రెండు వైర్లూ కత్తిరించాను. అది చాలదని గొట్టాలు రెండూ విప్పి, మామ కాళ్ల దగ్గర పడేలా వీధిలోకి వదిలాను.

పంబలు ఆగిపోయాయి. చూలైలో పుట్టి పెరిగిన నేను ఆ వీధిలో అంత నిశ్శబ్దం అంతకుముందు వినలేదు.

"ఏమిరా ఇది? అమ్మోరి పండగరా! మీ అమ్మ కోసమే కదరా మొక్కతా ఉండాము!" అన్నాడు మామ.

"మా అమ్మను బతకనియ్యండి మామా. మీ మొక్కు లేకుండా బతుకుతాది."

ఎవరూ నవ్వలేదు. నా జీవితంలో మొదటిసారి ఒక మాట అన్నది అన్నట్టుగా వాళ్ల చెవికెక్కింది. ఎక్కినచోటే విషమైంది. పూజ పళ్లెం తీసుకుని మామ వెనక్కి తిరిగాడు. అంబలి గంగాళం వీధి అవతలి చివరికి మోసుకుపోయారు. మా గుమ్మానికి అంబలి రాలేదు. మేమూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ నిద్రపోయింది. నోరు తెరుచుకుని, గురక పెట్టి, చీకటి పడేదాకా నిద్రపోయింది. నేను చేసినదాంట్లో తప్పు లేదు, ఈ మాట ఇప్పటికీ అంటాను. డాక్టరమ్మ చెప్పిన ఇంకోసారి మా ఇంటికి రాలేదు. ఇప్పుడామె దిండుకు ఆనుకుని కూర్చుంటుంది, చెంచాతో తనే తింటుంది.

వీధి నాతో గొడవపడలేదు. గొడవ పడి ఉంటే బాగుండేది, గొడవలో రెండు బూతులైనా ఉంటాయి, బూతుల్లో చుట్టరికం ఉంటుంది. మర్నాడు టీకొట్టుకు పోతే మాటలు ఆగిపోయాయి. ఎప్పుడూ నా నెత్తిన మొట్టి గ్లాసు చేతికిచ్చే నాయరు, గ్లాసు తుడిచి, సాసరులో పెట్టి, "తీసుకోండి సార్," అన్నాడు. ఒక జోకు వేశాను. మంచి జోకే. నాయరు మర్యాదగా తల ఊపాడు. గ్రూపులోంచి నన్ను తీసెయ్యలేదు. నేను ఏం పెట్టినా రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి వస్తుంది.

మొన్న మామ కొట్టుకొచ్చాడు. ప్రెస్సుకూ నా కొట్టుకూ మధ్య ఒక గోడే. అయినా చెప్పులు బయట విడిచి, చంకలో మిక్సీతో నిలబడ్డాడు.

"ఇది తిరగడం లేదండీ. ఎప్పటికి చేసిస్తారు?"

"కూచో మామా. ఇప్పుడే చూస్తా."

"వద్దులెండి. మీకు తీరినప్పుడు చెప్పి పంపండి, పనోడు వచ్చి తీసకపోతాడు."

వెళ్లిపోయాడు. నా బుగ్గ గిల్లిన చేతులను వెనక కట్టుకుని, వీధి కుళాయి దగ్గర నీళ్ల కుండలు పెట్టుకున్నవాళ్లను తప్పించుకుంటూ, ఒక్కసారి కూడా తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

లోపలి నుంచి అమ్మ, నిద్రతో బరువెక్కిన గొంతుతో, "ఎవురురా వచ్చింది?" అంది.

"ఎవురో కస్టమరుమ్మా," అన్నాను.