కారు ముక్కుకు పట్టిన తేనెటీగలు

వీధిలో అందరూ ఆవిడని స్పీడక్క అనేవారు. అది ఎగతాళి పేరు. కారు కొన్న కొత్తలో ఆవిడ నడిపే తీరు చూసి మేడ మీది టీచరమ్మ పెట్టింది. మొదట్లో ఆ కారు వెంట మొరుగుతూ పరిగెత్తిన వీధికుక్కలు నాలుగు రోజులకి పరుగు మానేసి పక్కనే తాపీగా నడవడం మొదలుపెట్టాయట. స్పీడక్కకి ఆ పేరు మీద కోపం లేదు సరికదా, ఫోన్లో ఎవరైనా "ఎవరండీ మాట్లాడేది?" అంటే "నేనే, స్పీడక్కని" అని తనే చెప్పేది.

ఆవిడ పని పరదాలు కుట్టడం. ఇళ్లకి వెళ్లి కిటికీలు కొలుచుకొచ్చి, ముందుగదిలోని మిషను మీద కుట్టి, మళ్లీ వెళ్లి తగిలించి వస్తుంది. ఆవిడ భర్త పని తేనెటీగలు పట్టడం. బాల్కనీ పిట్టగోడకో, దుకాణం బోర్డుకో ఈగలు గుంపుగా వాలితే, జనం కాగడాలు వెలిగించకముందే ఎవరో ఒకరు ఆయనకి ఫోన్ చేస్తారు. ఆయన వాటిని చంపకుండా చెక్కపెట్టెలోకి దింపి, తోటలున్నవాళ్లకి ఇచ్చి వస్తాడు. ఈగలాయన అంటేనే అందరికీ తెలుస్తుంది.

వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నదే కిటికీలోంచి. అప్పటికింకా పెళ్లి కాలేదు. ఒక మేడలో పై అంతస్తున ఆవిడ టేపు పట్టుకుని కిటికీ కొలుస్తోంది. అద్దానికి అవతల, నిచ్చెన మీద, వలటోపీ పెట్టుకున్న మనిషి ఒకడు హఠాత్తుగా పైకి లేచాడు. మోచేతి దాకా ఈగలే. ఆవిడ కెవ్వుమని అరిచి టేపు వదిలేసింది. ఆయన అవతల్నుంచి ఏదో అన్నాడు. అద్దంలోంచి ఒక్క ముక్కా వినపడలేదు. ఆయన నిచ్చెన దిగి, ఈగలు దులుపుకుని, మెట్లెక్కి వచ్చి, తలుపు కొట్టి, "భయపడకండి, ఇవేం చెయ్యవు అంటున్నానండీ" అని చెప్పి వెళ్లాడు. ఆ ఒక్క మాట కోసం అన్ని మెట్లెక్కిన మనిషిని ఆవిడ మరిచిపోలేకపోయింది.

అంతమాత్రాన ఈగల భయం పోయిందనుకోకండి. పెళ్లయి, కూతురు పుట్టి, ఆ కూతురు ఉద్యోగంలో చేరినా పోలేదు. పెరట్లో ఆయన పెట్టెలున్న వైపుకి ఆవిడ బట్టలారేయడానికి కూడా వెళ్లేది కాదు. ఆయనకేమో నాలుగు చక్రాల బండంటే గుబులు. స్టీరింగు ముందు కూర్చునేవాడే కాదు. పాత స్కూటరు మూలనపడ్డాక, "మీరు నేర్చుకోకపోతే నేనే నేర్చుకుంటా" అని ఆవిడ డ్రైవింగు స్కూల్లో చేరింది. జుట్టు నెరిసే వయసులో నేర్చుకున్న విద్య కాబట్టి దాన్ని కళ్లకద్దుకుని వాడేది. కారు కొని మూడు నెలలు కాలేదు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. లోపల కూర్చుంటే కొత్త బూట్ల పెట్టె తెరిచిన వాసన.

ఆ రోజు పొద్దున్నే పళ్లడాక్టరు దగ్గర్నుంచి ఫోను. క్లినిక్ బోర్డు మీద, సరిగ్గా నవ్వుతున్న పళ్ల బొమ్మ మీదే, తట్టెడు ఈగలు వాలాయి. పేషెంట్లు గుమ్మం తొక్కడం లేదు. ఈగలాయన గంటలో వాటిని పెట్టెలోకి దింపి, మూతకి బెల్టు బిగించి, కారు వెనక సీట్లో పెట్టాడు. తనూ దాని పక్కనే కూర్చుని, ఒక చెయ్యి పెట్టె మీద వేశాడు. వంతెన అవతల ఉన్న నిమ్మతోటకి వాటిని చేర్చాలి.

"బెల్టు గట్టిగా కట్టారా?"

"కట్టానే."

"ఇంకోసారి చూడండి."

"ఇదిగో, చూశా. ఇక పోనీ."

రైలు పట్టాల మీద కట్టిన పొడుగాటి వంతెన అది. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కింది. వంతెన నడుమ దాటి, అవతలి వాలు మొదలయ్యేసరికి కారులో ఏదో టక్కుమంది. అంతే. ముందున్న గడియారం, ముళ్లు, రంగుదీపాలు అన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. చల్లటి గాలి ఆగిపోయింది. ఇంజను చప్పుడు లేదు. టైర్ల సవ్వడి, వెనక పెట్టెలో ఈగల రొద, రెండే మిగిలాయి.

"ఏమైందే?" అన్నాడాయన.

"కారు చచ్చిపోయిందండీ!"

చచ్చినా ఆగలేదు. వాలు కదా, ఇంకా జోరందుకుంది. స్పీడక్క జన్మలో నడపనంత వేగం! ఆవిడ బ్రేకు తొక్కింది. మొదటిసారి కాస్త పట్టింది. రెండోసారి కాలి కింద రాయిలా బిగుసుకుపోయింది. స్టీరింగు తిప్పబోతే, పొద్దుటి దాకా వెన్నముద్దలా తిరిగింది కాస్తా రోకలిలా మొండికేసింది. హ్యాండ్‌బ్రేకు లాగుదామంటే ఈ కారులో అది కూడా బటనే. నొక్కితే దీపమూ లేదు, చప్పుడూ లేదు. హారను నొక్కింది. కుయ్యిమనలేదు.

కింద వంతెన చివర ఎర్రదీపం. దాని ముందు ఆగిన బళ్లు. వెనక అద్దంలో, ఇల్లంత లారీ ఒకటి భోంభోంమంటూ వస్తోంది. స్పీడక్క పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమండీ! వెనక లారీ! నా లైట్లు పోయాయి, వాడికి నేను ఆగబోతున్నానని తెలీదు! ఏదో ఒకటి చెయ్యండి!"

కిటికీ అద్దాలు దిగవు, చెయ్యి బయట పెట్టే దారి లేదు. ఈగలాయన పక్కనున్న తెల్లటి వలటోపీ అందుకుని, వెనక్కి తిరిగి మోకాళ్ల మీద లేచి, వెనక అద్దంలో దాన్ని అటూ ఇటూ పిచ్చిపట్టినవాడిలా ఊపాడు. లారీ డ్రైవరు తర్వాత చెప్పుకున్నాడు: "ముందు దెయ్యమనుకున్నా. పగటిపూట దెయ్యం కారెక్కి వెళ్లదు కదా అని బ్రేకు మీద కాలేశా."

లారీ వెనకబడింది. ఇక కారు మిగిలింది. స్పీడక్క గేరు రెండుకి దించి, క్లచ్చి మీద నుంచి కాలు తీసేసింది. చచ్చిన ఇంజనే చక్రాలని పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కారు కుదుపుకి ప్లాస్టిక్ కవర్లు చరచరలాడాయి, వెనక ఏదో ధడాలున జారింది. వేగం తగ్గింది కానీ ఆగేంత కాదు. రోడ్డు అంచున కాలిబాట బాగుచేస్తున్నవాళ్లు పోసిన మెత్తటి మట్టిగుట్ట కనిపించింది. ఆవిడ కళ్లకి అది పట్టుపరుపులా అగుపించింది. సీట్లోంచి దాదాపు లేచి, రెండు కాళ్లూ కలిపి బ్రేకు మీద నిలబడింది. రెండు చేతులూ స్టీరింగుకి ఒకవైపే వేసి, తిరగలి తిప్పినట్టు, భుజాలు పట్టేసేలా లాగింది.

"తిరుగు! తిరగవే తల్లీ, తిరుగు!"

తిరిగింది. కారు అంచు మీదకి ఒరిగి, మట్టిగుట్టలోకి ముక్కు గుచ్చి, బుస్సుమని దుమ్ము లేపి ఆగింది.

స్పీడక్క పకపకా నవ్వడం మొదలుపెట్టింది. "ఆపానండీ! చూశారా? కారు చచ్చినా ఆపాను!"

"చూశానే. నువ్విప్పుడు గట్టిగా ఊపిరి కూడా పీల్చకుండా, మెల్లిగా దిగు" అన్నాడాయన, ఎన్నడూ లేనంత నెమ్మదిగా.

అప్పుడు చూసిందావిడ. కుదుపుకి బెల్టు జారి, పెట్టె మూత బెత్తెడు తెరుచుకుంది. ఆయన చొక్కా మీద, సీటు మీద, కారు కప్పు లోపల, ఆఖరికి తన స్టీరింగు మీద కూడా ఈగలే. ఒకటి ఆవిడ మణికట్టు మీద గాజు చుట్టూ తిరుగుతోంది. మామూలుగా అయితే ఆ అరుపు వంతెన దాటి వినపడేది. ఇప్పుడు అరవలేదు. తలుపు పిడి తిప్పి, ముందొక కాలు, వెనకొక కాలు దించి, చెయ్యి ముందుకు చాపి పెట్టుకుని, ఆ ఈగని ఊరేగిస్తున్నట్టు నడిచి వచ్చింది. అది తనంతట తానే ఎగిరిపోయింది.

ఆయన తలుపులన్నీ బార్లా తెరిచాడు. లోపలి ఈగలన్నీ పొగలా బయటికి వచ్చి కాసేపు గిరగిరా తిరిగాయి. వాటి రాణి ఎక్కడ వాలితే మిగతావన్నీ అక్కడికే. రాణిగారు పక్కనున్న చెట్టు చూడలేదు, స్తంభం చూడలేదు. కారు ముందు బానెట్ తెరిచే పిడి దగ్గర వాలింది. చూస్తుండగానే దాని చుట్టూ గోధుమరంగు గడ్డంలా వేలాడాయి.

లారీ డ్రైవరు తన బండి పక్కకి ఆపి వచ్చి దూరం నుంచే కేకేశాడు. "అమ్మా, దెబ్బలేం తగల్లేదు కదా? నేను సాయం వస్తా... అవేంటి?"

"తేనెటీగలు బాబూ."

"అయితే ఇక్కణ్ణుంచే సాయం చేస్తా" అని మళ్లీ లారీ ఎక్కి, అద్దం చెయ్యి పట్టేంత సందు మాత్రం వదిలి పైకెత్తుకుని, వచ్చే బళ్లకి ఆ చేత్తో పక్కనుంచి పొమ్మని సైగలు చెయ్యసాగాడు. ఆ పని మాత్రం బాగా చేశాడు.

ఫోన్ చేస్తే మెకానిక్ మోటారుసైకిల్ మీద వచ్చాడు. కథంతా విన్నాడు. "బానెట్ ఎత్తితే గానీ ఏమైందో చెప్పలేనమ్మా. అది ఎత్తాలంటే అక్కడ చెయ్యి పెట్టాలి. అక్కడ చెయ్యి పెట్టమంటే మాత్రం నేనిప్పుడే ఇంటికి పోతా."

ఈగలాయన పెట్టె తెచ్చి చూశాడు. కింద పెడదామంటే కారు ముక్కు మట్టిలో ఉంది. పెట్టె ఆనడానికి చోటే లేదు. ఎవరో ఒకరు మట్టిగుట్ట మీద మోకాళ్లూని, పెట్టెని వాలుగా ఈగల కిందికి పట్టుకోవాలి. ఆయన ఒక్క దెబ్బతో వాటిని అందులోకి దులపాలి. ఆయన మెకానిక్ వంక చూశాడు. మెకానిక్ ఆకాశం వంక చూశాడు.

"ఇలా ఇవ్వండి పెట్టె" అంది స్పీడక్క.

"నువ్వా?"

"చచ్చిన కారుని ఆపినదాన్ని, పెట్టె పట్టుకోలేనా? నా ఒంట్లో ఆ వేడి ఇంకా ఉంది. ఇది చల్లారకముందే కానివ్వండి. తర్వాతైతే నావల్ల కాదు."

ఆయన తన వలటోపీ తీసి ఆవిడ తలకి పెట్టి, అంచులు మెడ చుట్టూ సర్దాడు. ఉన్నది ఒక్కటే టోపీ. "మరి మీకో?" అంటే, "నాకు వీటితో పాత చుట్టరికం" అన్నాడు. డిక్కీలో ఉన్న లేత నీలం పరదాగుడ్డ, ఎవరింటికో కుట్టడానికి కొన్నది, తెచ్చి ఆవిడ ఒడిలో పరిచాడు.

ఆవిడ గుట్ట మీద మోకాళ్లూని పెట్టె ఎత్తి పట్టింది. ఈగల గుత్తి ముఖానికి జానెడు దూరంలో ఉంది. అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని గొలుసులుగా వేలాడుతున్నాయి. వేడి తగులుతోంది, మైనం వాసన వస్తోంది. వాటి రొద పెట్టె చెక్కల్లోంచి ఆవిడ మోచేతుల దాకా పాకింది. ఆవిడ పెట్టెని ఇంకాస్త పైకెత్తింది.

"కళ్లు మూసుకోకు. నేను కొట్టగానే బరువు పడుతుంది. వదలకు."

"మీరు మాటలాపి కొట్టండి!"

ఆయన పిడికిలితో బానెట్ మీద ఒక్కటిచ్చాడు. ముగ్గిన పనసకాయ రాలినట్టు గుత్తి మొత్తం ధబ్బున పెట్టెలో పడింది. ఆవిడ మోచేతులు వంగాయి, పెట్టె వంగలేదు. పక్కలకి చిందినవి నీలం గుడ్డ మీద పడి, కాసేపు తికమకపడి, రాణి వాసన తగలగానే వరసకట్టి పెట్టె వైపు నడిచాయి. స్పీడక్క తల వంచి వాటినే చూసింది. "ఏమండీ, చూడండి, క్యూలో వెళుతున్నాయి! ఒక్కటీ తోసుకోవడం లేదు!" అని చిన్నపిల్లలా అరిచింది. లారీలోంచి డ్రైవరు ఈల వేశాడు.

దారి తప్పిన ఈగ ఒకటి టోపీ వలలోంచి ఎలా దూరిందో గానీ ఆవిడ చెవి తమ్మెకి ముల్లు గుచ్చింది. "అబ్బా!" అంది గానీ, పెట్టె కింద పెట్టి, మూత వేయించి, బెల్టు రెండు వరసలు కట్టించాకే చెవి పట్టుకుంది.

మెకానిక్ బానెట్ ఎత్తి, లోపలికి తొంగిచూసి, నాలుక చప్పరించాడు. బ్యాటరీ తీగని బిగించే నట్టు పూర్తిగా వదులై, తీగ ఊడి పక్కకి వాలిపోయి ఉంది. "ఇంతేనమ్మా. కొత్త బండి కదా, అన్నీ గట్టిగానే ఉంటాయని ఎవరూ ముట్టుకుని చూసుండరు. కరెంటు పోతే ఇంట్లో చీకటైనట్టు మొత్తం పోయింది."

"ఇంత చిన్న నట్టా!" అని ఆవిడ నోరెళ్లబెట్టింది. తనే వంగి, అతను స్పానరుతో బిగిస్తుంటే చూసి, "ఇంకొంచెం. ఇంకొంచెం బాబూ" అని అతని చెయ్యి నొప్పెట్టేదాకా బిగించమంది.

తాళం తిప్పితే దీపాలన్నీ వెలిగాయి. ముందు బంపరుకి గీతలు తప్ప కారుకేమీ కాలేదు. లారీ డ్రైవరు దిగివచ్చి వెనక్కి రావడానికి దారి చూపించి, "అమ్మా, మా లారీకి డ్రైవరు కావాలంటే కబురు చేస్తా" అని నవ్వాడు.

నిమ్మతోటకి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. దారి పొడుగునా స్పీడక్క నోరు మూతపడితే ఒట్టు. బ్రేకు ఎలా బిగుసుకుందో, మట్టిగుట్ట ఎలా కనిపించిందో, ఈగల బరువు ఎలా పడిందో, ఒకటే చెప్పడం. చెప్పిందే చెప్పడం. చెవి మాత్రం బూరెలా పొంగింది. తోట యజమానురాలు గేటు దగ్గరే ఆ చెవి చూసి, "అయ్యో, ఏమైందమ్మా?" అంటూ కుర్చీ వేసింది.

"కూర్చోవడం తర్వాత. ముందు ఈ పెట్టె ఎక్కడ దించాలో చూపించండి" అంది స్పీడక్క, పెట్టెకి అటువైపు ఆయన పట్టుకుంటే ఇటువైపు తను పట్టుకుని. చెట్ల మధ్య నీడలో దాన్ని దించి, ఆయన మూత తీస్తుంటే అక్కడే నిలబడింది. ముందు రెండు మూడు ఈగలు బయటికొచ్చి గుమ్మం ముందు గాల్లో నిలిచి, ఇల్లు గుర్తుపెట్టుకుంటున్నట్టు పెట్టె వైపే తిరిగి ఊగసాగాయి. అవి ఏం చేస్తున్నాయని ఆవిడ అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. యజమానురాలు తెచ్చిన మంచినీళ్లు గట్టు మీద అలాగే ఉండిపోయాయి.