నల్లగొంగడి, ఒంటికన్ను ట్రాలీ

మా బావ ట్రాలీకి కుడి కన్ను లేదు. సెకండ్ హ్యాండ్‌ల కొన్ననాడు రెండు లైట్లూ ఉండె. కుడిది ఒక వానాకాలం మాడిపోయింది, మా బావ మార్చలేదు. ఎందుకని అడిగితే, "తొవ్వ ఒక్కటే గదా, లైట్లు రెండెందుకు" అనేటోడు. అక్క మొగుడు కాబట్టి నవ్విన. ఇంకెవరన్నా అంటే గూడ నవ్వేటోణ్ణే, కాకపోతే ఇంకో తీరుగ.

ఆ ట్రాలీల ఆయన మర్రిగూడ చుట్టుపక్కల ఊర్లకెళ్లి గొర్లను అంగడికి తోలేటోడు. మాది గూడ గొర్ల ఇల్లే. మా బాపుకు నడుచుడు వచ్చినప్పటి నుంచి మంద వెనకాలనే నడిచిండు. చేతిల ఎన్నడూ బ్యాటరీ లైటు పట్టలేదు. వెలుగు మీద పడితే జీవాలు బెదురుతయని ఆయన లెక్క. మా బావ అంతకంటే ఒక మెట్టు పైన. వెన్నెల రాత్రులు ఉన్న ఒక్క లైటు గూడ ఆర్పి నడిపేటోడు, బ్యాటరీ మిగులుతదని. లైటు మనం చూసేటందుకే గాదు, మనల్ని ఇంకొకలు చూసేటందుకు గూడ అనే సంగతి మా రెండిళ్లల్ల ఎవ్వరికీ తట్టలేదు. మోటారు బండ్ల చట్టం రాసినోళ్లకు తట్టింది. వాళ్లెన్నడూ గొర్లు కాసినట్టు లేరు.

ఒక చలికాలం పొద్దుగూకినంక బాపు మందను తార్రోడ్డు మీదికెళ్లి ఇంటికి మలుపుకొస్తుండు. నల్లగొర్లు, మీద నల్లగొంగడి. ఎదురుంగ రోడ్డుకు అవతలి అంచున ఒక్క లైటు కనబడ్డది. ఒక్క లైటంటే సైకిల్ మోటరు, అదే బైకు. సైకిల్ మోటరుకు రోడ్డంత ఇచ్చే మర్యాద మా దిక్కు లేదు. బాపు మందను సగం రోడ్డు దాటి పరుచుకోనిచ్చిండు. ఆ లైటు పక్కన, చీకట్ల, లైటు లేని ఇంకో సగం ట్రాలీ వస్తుందని ఆయనకు తెల్వదు. మూడు జీవాలు అక్కడికక్కడ పోయినయి. బాపు కుడికాలు మోకాలు కింద విరిగింది. ట్రాలీ దిగినోణ్ణి చూస్తే, అల్లుడు.

పరాయోడైతే కేసు పెట్టేటోళ్లం. అల్లుడైనందుకు ఆయన ట్రాలీలనే పండబెట్టుకొని నల్గొండ దవాఖానకు పోయిన్రు. అదే ఒక్క లైటుతోటి.

దవాఖానల కాలుకు సిమెంటు పట్టీ ఏస్తుంటే నేను పక్కనే ఉన్న. మా బావ అనకుండ ఉండలేక అన్నడు.

"నల్లగొంగడి కప్పుకొని నల్లగొర్లను తోల్కొస్తే నాకేం గానొస్తది మామా?"

"ఒక్క లైటేస్కొని వస్తే సైకిల్ మోటరనుకున్న."

"అనుకోవద్దు."

"రావద్దు."

ఆ రోజు నుంచి మామకూ అల్లునికీ మాటలు బంద్. రెండు దిక్కులా నిజమే ఉండుటం వల్ల రాజీకి జాగా లేకుండపోయింది. నేను మాత్రం ఒకదిక్కే నిలబడ్డ. గొంగడి మీద చట్టం లేదు, లైటు మీద ఉన్నది.

బాపు మంచం పట్టినంక మందను చిన్నాయిన చూసుకున్నడు. నేను నల్గొండల ఒక ప్రైవేటు కాలేజీల గుమాస్తాను, ఊరి నుంచి రోజూ పోయొస్త, డిగ్రీ చదివినందుకు దొరికిన శిక్ష అది. ఒకనాడు అక్క ఫోన్ చేసింది. ట్రాలీకి ఫిట్‌నెస్ గడువు అయిపోయిందట. ఒకసారి ఆర్టీఓ ఆఫీసుకు తీస్కపోతే లైట్లు లేవని అక్కడ బండ్లు చూసే సారు వాపస్ పంపిండట. గురువారం మళ్ల చూస్తరట. నువ్వు చదువుకున్నోనివి, ఆ సారుతోటి రెండు ముక్కలు మాట్లాడమన్నది. వస్తనన్న. ఎవరి దిక్కు మాట్లాడుతనో అక్క అడగలేదు, నేను చెప్పలేదు. నాకు కావల్సింది ఒక్కటే. బాపు కాలు అతికి మళ్ల ఆ రోడ్డెక్కే లోపల ఆ బండికి రెండో కన్ను రావాలె. వచ్చి, ఉండిపోవాలె.

ముందురోజు కూసొని రూల్సు చదివిన. ముందట రెండు లైట్లు, తెల్లగ. వెనుక ఎర్రలైటు. బ్రేకు తొక్కితే ఇంకా గట్టిగ వెలగాలె. మలుపు తిరిగేటప్పుడు పసుపుపచ్చ లైటు ఆడాలె. వెనుక నంబరు మీద చిన్న బల్బు. రాత్రి మెరిసే స్టిక్కరు ముందట తెల్లది, పక్కలకు పసుపుపచ్చది, వెనుక ఎర్రది. మొత్తం చదివినంక నాకు సమజైంది ఇంతే. చీకట్ల ఎదురొచ్చేటోనికి మన మొఖం తెల్వాలె, వెనుకొచ్చేటోనికి మన వీపు తెల్వాలె. ఇంత చిన్న మాటకు అన్ని పేజీలు పట్టినయంటే, మా బావ లాంటోళ్లు దేశమంత ఉన్నట్టే.

గురువారం పోయేసరికి మా బావ ట్రాలీ ఆఫీసు ముందట పెండ్లికొడుకు తీరుగ నిలబడి ఉన్నది. కుడి కన్ను ఉన్నది. వెనుక ఎర్రలైట్లు ఉన్నయి. నాకు ఒక్క నిమిషం సంతోషమైంది. రెండో నిమిషంల రోడ్డుకు అవతల రేకుల డబ్బా కనబడ్డది. అందుల ఒక ముసలాయన స్టూలు మీద లైట్లు పేర్చుకొని కూసున్నడు. పెండ్లిళ్లకు నగలు కిరాయికిచ్చినట్టు, ఆయన ఫిట్‌నెస్‌కొచ్చే బండ్లకు లైట్లు కిరాయికిస్తడు. సారు చూసి పోంగనే ఊడదీసుకొని వెనుక బండికి బిగిస్తడు. ఆ పొద్దటి సంది అదే కన్నుతోటి ఎన్ని బండ్లు చూపు తెచ్చుకున్నయో తెల్వదు. స్టిక్కరు ఒక్కటి మాత్రం అంటిస్తే మళ్ల రాదు కాబట్టి అమ్ముతడు. మా బావ కొన్న స్టిక్కర్లల్ల మిగిలిన ముక్కలు ట్రాలీ డబ్బాల పడి ఉంటే, తెల్లదీ ఎర్రదీ మడిచి జేబుల పెట్టుకున్న. ఎందుకో అప్పుడు నాకూ తెల్వదు.

"గట్ల చూస్తున్నవేంది బామ్మర్దీ," అన్నడు బావ. "నీ రూల్ ప్రకారమే ఉన్నది గదా."

"పొద్దుగూకెదాంక ఉంటదా?"

"సారు పొద్దుగూకెదాంక ఉంటడా?"

సారు వచ్చిండు. ఎండకు వాడిపోయిన మనిషి, ఎవరి మీద కోపం లేదు, ఎవరి మీద నమ్మకం గూడ లేదు. లైటెయ్యమన్నడు, వెలిగింది. డిప్పర్ కొట్టమన్నడు, కొట్టింది. వెనక్కి పోయి బ్రేకు తొక్కమన్నడు, ఎర్రగ వెలిగింది. మా బావ మొఖం గూడ వెలిగింది. సారు వేలు ఫోన్ల టిక్కు కొట్టేటందుకు పైకి లేసింది. అప్పుడు నేను, గుళ్లె గంట కొట్టినంత గొంతుతోటి గాదు గని, వినబడేంత గొంతుతోటి అన్న.

"సార్, కుడి లైటు కిరాయిది."

సారు నన్ను కిందికీ మీదికీ చూసిండు. "నువ్వెవరు?"

"ఈయన బామ్మర్దిని."

"అయితే నిజమే అయ్యుంటది," అని పోయి ఆ లైటు మీద చెయ్యి పెట్టిండు. అది అలవాటైన పిల్లి తీరుగ చేతిలకొచ్చింది. వెనుక రెండు తీగెలు మెలేసి ఉన్నయి, మీద అతికించింది దవాఖాన ప్లాస్టరు. బాపు కాలుకు పట్టీ ఏసిననాడు మిగిలిన టేపు చుట్ట, మా అక్క ఇంట్ల దాచింది. నేను గుర్తుపట్టిన. బావ గూడ నేను గుర్తుపట్టిన సంగతి గుర్తుపట్టిండు.

బండి వాపస్ అయింది. బావ నన్ను అక్కడనే ఇడిసిపెట్టి పోయిండు. నేను బస్సుకు పోయిన. చట్టం దిక్కు మాట్లాడినోనికి చట్టం చార్జీలియ్యదు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. తిట్టలేదు. తిడితే బాగుండు.

"చదువు ఎక్కువైంది తమ్మీ నీకు."

"లైట్ల గురించే చదివిన అక్కా."

"నా ఇంట్ల పొయ్యి గురించి గూడ జర చదువరాదూ."

ట్రాలీ పదిహేను రోజులు కదలలేదు. ఆ పదిహేను రోజులు అక్క ఇంటికి నేను పోలేదు, రమ్మని గూడ ఎవరూ పిలువలేదు. చేసింది తప్పని నాకు అనిపించలేదు. అనిపిస్తే నిద్ర పట్టేదేమో.

పద్దెనిమిదో రోజో పంతొమ్మిదో రోజో, మసకలు కమ్మినంక, మా ఇంటి ముందట ఇంజను చప్పుడైంది. వెంటనే అర్రంత తెల్లగైంది. గోడ మీది క్యాలెండర్ల తిథులు గూడ చదవొచ్చు. బాపు మంచం మీద లేసి కూసొని అరచెయ్యి అడ్డం పెట్టుకున్నడు.

"ఎవల్రా అది?"

"బావ."

"ఎన్నున్నయి?"

"రెండు."

"కొత్తవా?"

"కొత్తవే. బిగిచ్చినయి."

మా బావ దిగలేదు. ఫుల్ లైటు మా అర్రలకు కొట్టి, ఇంజను బంద్ చేయకుండ, చూసుకోండ్రి అన్నట్టు చానాసేపు ఉంచిండు. వెనక్కి మలుపుకొని పోయేటప్పుడు ఎర్రలైట్లు గూడ చూపించి పోయిండు. ఇంత కోపంతోటి ఇంత చట్టబద్ధంగా నడిచిన బండిని నేను మళ్ల చూడలేదు. అంతకు రెండు రోజుల ముందే ఫిట్‌నెస్ అయిందని తర్వాత తెలిసింది.

అప్పుడు జేబుల ముక్కలు యాదికొచ్చినయి. స్టిక్కరు ఉన్నికి అంటదు. దబ్బనం తీసుకొని గొంగడికి కుట్టిన. రొమ్ము మీద తెల్లది, వీపు మీద ఎర్రది. రూల్ అంటే రూలే. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసిండు.

"నన్ను లారీ జేసినవా?"

కాలు అతికినంక మొదటి వారం ఆయన ఆ గొంగడిని తిర్లేసి కప్పుకున్నడు, మెరిసేదంత లోపటికి పోయేటట్టు. గొర్లు బెదురుతయన్నడు. నేనూ చిన్నాయినా రోజూ సతాయిస్తే రెండోవారం సక్కగ కప్పుకున్నడు. గొర్లు పట్టించుకోలేదు. కుక్కలే మొరిగినయి.

ఆ వారంలనే ఒక సాయంత్రం, అదే తార్రోడ్డు మీద, నేను గూడ మంద వెంట ఉన్న. ఎదురుంగ లైట్లు కనబడ్డయి. రెండు, ఒకే ఎత్తుల, మధ్యల బండి పట్టేంత ఎడంతోటి. బాపు కట్టె అడ్డం పెట్టి మందను ఒక దిక్కుకు తేబోయిండు. ఎవరి బండో గుర్తుపట్టి, కట్టె దించిండు. జీవాలు రోడ్డంత పరుచుకున్నయి.

ట్రాలీ జర దూరంల ఆగింది. డిప్పర్ కొట్టింది. మళ్ల కొట్టింది.

"ఏమంటుండు?" అన్నడు బాపు.

"జరుగుమంటుండు."

బాపు కట్టె మీద ఆనుకొని, అతికిన కాలు మీద బరువు పడకుండ మెల్లగ తిరిగి, అల్లునికి వీపు పెట్టి నిలబడ్డడు. కొత్త లైట్లు రెండూ ఆ వీపు మీద పడ్డయి. నల్లగొంగడి నడుమ ఎర్రముక్క భగ్గుమన్నది. వెనుక ఎరుపు కనబడితే ఆగాలెనని మా బావకు ఇప్పుడు తెలుసు. ఆగిండు. మంద మొత్తం దాటెదాంక, ఒక్కొక్క జీవమూ తీరుబడిగ దాటెదాంక, ఇంజను గుర్రుమంటనే ఉన్నది.