స్పానిష్‌లో దొంగను ఏమంటారు

తప్పు నాదే. జడ్చర్ల దాటితే దారి తెలియని బడిపంతులుకు స్పానిష్ ఎందుకు? పాత పుస్తకం చవగ్గా దొరికిందని మొదలుపెట్టాను. అందులోనూ మంచినీళ్లు అడగడం రాకముందే నేరాల పాఠం పట్టుకున్నాను. లద్రోన్ అంటే దొంగ, తెస్తీగో అంటే సాక్షి, సోస్పేచా అంటే అనుమానం. తెలుగు అక్షరాల్లో రాసుకుని బస్సులో వల్లిస్తుంటే పక్కనున్న పోలీసు జవాను నోటుబుక్కు లాక్కున్నాడు. సంఘంవాళ్లని పేరుపడ్డ కమ్యూనిస్టుల కోసం వెతుకులాట ఇంకా ఆగని రోజులవి.

"గిదేం భాష పంతులూ? సంగపోల్ల గుర్తులా?"

"స్పానిష్ సార్. దొంగ, సాక్షి..."

"పిల్లలకు పాఠాలు చెప్పెటోనికి దొంగల మాటలెందుకు? జర ఠాణాకు నడువ్."

నేర్చుకోవడమే నేరమైంది. మూడు రోజులు పిలిచి అవే మాటలకు అర్థాలడిగాడు. ఒక్కటి మారినా బడికి రిపోర్టు పోతుంది, నౌకరీ ఊడుతుంది. అన్నం ముందు కూర్చున్నా లేచి తిరుగుతూ వల్లించేవాణ్ని.

నాలుగోనాడు, "మొన్న ఏం చెప్పినవో ఇయ్యాల గూడ గదే చెప్తున్నవ్. పో," అన్నాడు.

మరుసటేడు ఆ జవానే మెట్రిక్ పరీక్ష రాయడానికి మా బడికొచ్చాడు. ఆయన కూర్చున్న గదికి కాపలా నేనే. మూడు గంటలూ నేను ఆయన వెనక నుంచి కదల్లేదు.