గేరు రాడ్డు కింది బుష్

నిన్న ఉయ్యూరు నుంచి బెజవాడ వచ్చే బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది. కంకిపాడు దాటగానే గేరు రాడ్డు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. జనం ఎవరి ఫోన్లు వాళ్లు చూసుకుంటున్నారు. నా చేయి మాత్రం నాకు తెలియకుండానే ముందుకు వెళ్లింది, దాన్ని పట్టుకుందామని. పక్కావిడ వింతగా చూసేసరికి వెనక్కి తీసుకున్నాను. ఆ చప్పుడు వింటే నాకు మస్తాన్ గారు గుర్తొస్తారు.

మస్తాన్ గారిది ఆటోనగర్‌లో పాత కార్లు బాగుచేసే షెడ్డు. మా ఆయన అక్కడ లేతు మిషను మీద ఇనుము, నైలాను చెక్కి కావలసిన ముక్కలు తీసేవాడు. కేరేజీ పట్టుకెళ్లినప్పుడల్లా పక్కన నిలబడి చూసేదాన్ని. సరదా పుడితే నా చేత కూడా తిప్పించేవాడు. ఆయన పోయాక మస్తాన్ గారు నన్ను సామాన్లు డీజిలుతో కడిగే పనిలో పెట్టుకున్నారు. లేతు మీద గోనెపట్టా కప్పారు. దాన్ని ఎవరూ తీయలేదు. నేను అటువైపు మొహం తిప్పకుండా ఏడాది పనిచేశాను.

అప్పుడు వచ్చింది ఉయ్యూరు డాక్టరు గారి కారు. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే ఎర్రటి విదేశీ బండి. నా వయసు ఉంటుంది దానికి. మూడో గేరులో పడగానే రాడ్డు, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్టు మోగేది.

"ఈసారీ ఈ మోత పోకపోతే బండి హైదరాబాదు పంపేస్తానండీ" అన్నారు డాక్టరు గారు.

మస్తాన్ గారు నన్ను చూపించి, "మా చెల్లెమ్మ చూసుద్దండీ" అన్నారు.

"గిన్నెలు తోమినట్టు కాదండీ మస్తాన్ గారూ."

"తోమే చేతికే కదండీ అరుగుడు తెలిసేది."

డాక్టరు గారి నవ్వు మనసులో గుచ్చుకుని నేను తొందరపడ్డాను. సైకిల్ ట్యూబు ముక్క కోసి రాడ్డు మొదట్లో చుట్టి బిగించాను. చప్పుడు ఆగింది. గర్వంగా మస్తాన్ గారిని పిలిచాను. ఆయన చెవి పెట్టలేదు, రాడ్డు మీద చేయి పెట్టారు. గేరు మార్చి వదిలితే అది మధ్యకు రాకుండా బిగుసుకుపోయింది.

"దీని నోరు నొక్కావమ్మా. నొప్పి పోయిందా?" అని ట్యూబు పీకి నా చేతిలో పెట్టారు.

రాడ్డు కింద ఒక గుండు ఉంటుంది. అది కూర్చునే నైలాను గిన్నెను బుష్ అంటాం. ఆ బుష్ అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. అంత పాత బండికి కొత్తది ఎక్కడా దొరకదు, చెక్కుకోవాల్సిందే.

"లేతు మీద ఎవరు చేస్తారండీ?" అన్నాను.

ఆయన చేతులు కడుక్కుని టోపీ పెట్టుకున్నారు. ఆ రోజు శుక్రవారం. నమాజు వేళకు షెడ్డులో మగవాళ్లంతా వెళ్లేవారు, నేను అన్నానికి ఇంటికి పోయేదాన్ని. "ఇవాళ నువ్వు ఇక్కడే ఉండు చెల్లెమ్మా, బండికి కాపలా" అని గేటు చేరవేసి వెళ్లిపోయారు.

గోనెపట్టా ముందు చాలాసేపు నిలబడ్డాను. తీస్తే, పిడి మీద మా ఆయన చేతి జిడ్డు నల్లగా అలాగే ఉంది. అక్కడే కూలబడ్డాను. వినేవాళ్లు లేరు గనుక గొంతెత్తే ఏడ్చాను. తర్వాత లేచి మొహం కడుక్కున్నాను. నాకు చదువు రాదు, కొలత గీతలు తెలియవు. బట్టల సబ్బు మెత్తగా పిసికి గుండుకు అద్ది అచ్చు తీసుకున్నాను. మొదటి బుష్ బిగుతైంది. రెండోది వదులైంది. మూడోది చెక్కడం పూర్తవుతుండగా వాళ్లు తిరిగొచ్చారు. మస్తాన్ గారు పట్టా వైపు చూడలేదు, నా కళ్లవైపూ చూడలేదు. బుష్‌లో గుండు కూర్చోబెట్టి తిప్పి, "కాగితమంత సందు వదిలావు. అది చాలు" అన్నారు.

సాయంత్రం డాక్టరు గారు గన్నవరం దాకా నడుపుకుని వచ్చి, బండి దిగకుండానే "చెల్లెమ్మ గారేరండీ?" అని అడిగారు. ఆ మర్నాటి నుంచి లేతు నాదైంది.

మస్తాన్ గారు పోయి మూడేళ్లు. షెడ్డు ఇప్పుడు వారి తమ్ముడు నడుపుతున్నారు. నాకు పిల్లలు లేరు. పనయ్యాక తాళం తీసి ఇంట్లో అడుగుపెడితే ఖాళీ గదులు చెవిలో హోరుమంటాయి. "టీవీ పెట్టుకో పిన్నీ, మనుషులున్నట్టు ఉండిద్ది" అంటుంది, నేను చెబుతుంటే ఇదంతా రాసిపెడుతున్న పక్కింటి అమ్మాయి. నా మంచికే అంటుంది. కానీ అది సైకిల్ ట్యూబు ముక్క. నేను పెట్టను. ఎక్కడ అరిగిందో నాకు తెలుసు. అన్నం తిని ఆ హోరులోనే పడుకుంటాను. పొద్దున్నే షెడ్డుకు వెళ్లి, లేతు మీది గోనెపట్టా నా చేతులతోనే తీసి మడతపెడతాను.