ఎవరినీ నమ్మని మా జేజి

కర్నూల్లో ఉన్నప్పటి మా ఎదురింటి జేజి పోయిందట. దర్గా ఉరుసుకని కర్నూలు నుంచి కడపకు వచ్చిన ఆ వీధి ఖాసింబీ, మా వాకిట్లో చెప్పులు విడుస్తూనే ఆ మాట చెప్పింది. ఖాసింబీ పిల్లలిద్దరూ, మా అమ్మాయీ జేజి చేతిలోనే పెరిగారు.

"జొరమని పండుకున్యాదంతే మా, మల్ల లేయలేదు. డాక్టరు సూది ఎత్తుకొని వస్తే, అది ఏం మందో ఆయప్ప చెప్పేదాకా చెయ్యి ఇయ్యలేదంట" అంది ఖాసింబీ. ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం. జేజి అంటే అదే మరి.

జేజి అంటే అవ్వే కానీ, ఆమె నాకు బంధువు కాదు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో మావారికి అక్కడ ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. ఆఫీసులు కొన్ని గుడారాల్లోనే నడిచేవి. ఇల్లు దొరకడమే గగనం. నాకు ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది కానీ, ఏడాది నిండని పిల్లను ఎవరికి అప్పగించాలి? మా అత్తగారు నడవలేని మనిషి, ఊరు వదిలి రాలేదు. ఎదురుగా నాపరాళ్లు కప్పిన పొడుగాటి ఇంట్లో ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. పనికి పోయే తల్లులు పిల్లల్ని పగటిపూట తన దగ్గర వదిలిపోవచ్చని ఆమె వీధంతా చెప్పింది.

అలాంటి మాట అప్పటికి ఎవరూ విన్నది కాదు. పిల్లల్ని అవ్వలు చూస్తారు, అత్తలు చూస్తారు. జీతం తీసుకుని పరాయి మనిషి చూడడమేమిటి? వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. "ఒంటి మనిషి. కన్నబిడ్డలు లేరు. ఊరి బిడ్డలతో ఆయమ్మకేం పని?" అన్నారు. నల్లమందు నాకించి పండబెడుతుందని ఒకరన్నారు. కొత్త కట్టడాలకు బలి ఇవ్వడానికి పిల్లల్ని పోగేస్తోందని ఇంకొకరన్నారు. బలి మాట నేను నమ్మలేదు. నల్లమందు మాట మాత్రం గుండెలో ముల్లులా ఉండిపోయింది. అయినా నాకు వేరే దారి లేదు.

మొదటి రోజు ఆమెను నాలుగు ప్రశ్నలు అడుగుదామని వెళ్లాను. అడగనిస్తేనా!

"దుడ్ల మాట మల్ల మాట్లాడుకుందాం. నీ మొగుడు తాగుతాడా? మీ ఇంట్లో ఈ బిడ్డంటే గిట్టనోల్లు ఎవురన్నా ఉండారా? రాత్రి నిద్రపోనీకి ఏమన్నా తాపిస్తాండావా?" అంది. నేను బిత్తరపోయి జవాబులు చెప్తుంటే పిల్ల కనురెప్ప పైకెత్తి చూసింది. నోరు వాసన చూసింది. కూలికి పోయే తల్లుల్లో కొందరు పిల్లలు ఏడవకుండా తామే నల్లమందు నాకిస్తారట. ఏ పిల్లనైనా అలా చూడందే లోపలికి తీసుకునేది కాదు.

తలుపు ఎప్పుడూ లోపల గడియ వేసి ఉండేది. పక్కన చిన్న కిటికీ. పాలు తెచ్చినవాడు, జేజి ఆ పాలు మొదట తాను తాగి చూసేదాకా అక్కడే నిలబడాలి. బొమ్మలవాడు గడప తొక్కడానికి లేదు. ఒకసారి మధ్యాహ్నం బడి నుంచి చెప్పకుండా వచ్చి కిటికీలోంచి తొంగి చూశాను. పిల్లలు వరసగా బొంతల మీద పడుకుని ఉన్నారు. మా పిల్ల మేలుకుని కాళ్లు కొట్టుకుంటోంది. జేజి నన్ను చూసి కోప్పడుతుందనుకున్నాను. "మంచిపని చేసినావు. రోజూ ఒకే టైముకు రావద్దు" అంది. ఇంకో మాట కూడా అంది: "పసిబిడ్డకు నోరు లేదు. దాని తరపున అనుమానపడేదానికి ఒక మనిషి ఉండల్ల."

తన మీద కూడా ఆమెకు నమ్మకం ఉండేది కాదు. లైసెన్సు కావాలని మునిసిపాలిటీ చుట్టూ తిరిగేది. "హోటలుకు ఉండాది, పిండిగిర్నీకి ఉండాది. బిడ్డల్ని సాకేదానికి లైసెన్సు యాడుండాదవ్వా?" అని అక్కడి గుమాస్తా నవ్వేవాడు. ఎందుకంత పట్టుదల అని అడిగితే, "నా మీద ఒక కన్ను ఉండల్ల. అడిగేటోల్లు లేకపోతే నేను మాత్రం చెడిపోనా?" అంది.

ఒకరోజు బడిలో నాకు చలిజ్వరం వచ్చి పడిపోయాను. ఆస్పత్రికి చేర్చారు. మావారు పిల్లను తీసుకురావడానికి వెళ్లారు. జేజి కిటికీ దగ్గరికి వచ్చి, "నీవు ఎవురో నాకు తెల్దప్పా. బిడ్డను ఇచ్చిన చెయ్యి వస్తేనే ఇస్తా" అంది. ఎదురింట్లో ఉంటున్నా ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవారు. ఆమె ఆయన ముఖం సరిగ్గా చూసిందే లేదు. ఆయన కేకలు వేశారు. వీధి వీధంతా పోగైంది. "సూస్తిరా, తండ్రికే ఇయ్యకుండాది, లోపల ఏం చేసిందో!" అన్నారు. ఎవరో పరుగెత్తి మునిసిపాలిటీ నుంచి హెల్తు ఇన్‌స్పెక్టరును పిలుచుకొచ్చారు. మావారు ఆస్పత్రికి వచ్చి జట్కాలో నన్ను ఎక్కించుకున్నారు.

నేను దిగేసరికి ఇన్‌స్పెక్టరు ఎండలో కిటికీ ముందు నిలబడి ఉన్నాడు. "కన్నతండ్రికే ఇవ్వకపోతే నిన్ను ఎట్ల నమ్మేదవ్వా?" అంటున్నాడు.

"నమ్మొద్దు సామీ" అంది జేజి. "నమ్మినందుకే నా బిడ్డ పోయింది. కరువుకాలంలో మా ఆడబిడ్డ తాన ఇడిసిపెట్టి రాళ్లు కొట్టే పనికి పోయినా. ఏడుస్తాందని ఆయమ్మ నల్లమందు నాకించింది. సందకాడ నేను వచ్చేతలికి బిడ్డ సల్లగుండాది. ఆయమ్మ చెడ్డది కాదు. ఏం పెట్టినావని నేను అడగలేదు, ఆయమ్మ చెప్పలేదు. అంతే. అందుకే నన్ను నమ్మొద్దు. ఎప్పుడన్నా రాండి, చెప్పకుండా రాండి, బిడ్డల కండ్లు సూసుకోండి."

అప్పుడామె నన్ను చూసింది.

"ఏమ్మా, ఈయప్ప నీ మొగుడేనా?"

"అవును జేజీ."

"మరి ఒక దినమన్నా బిడ్డను ఎత్తుకొని రాలేదే?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మావారు తల దించుకున్నారు. జేజి తలుపు తీసి పిల్లను ముందు నా చేతికి తాకించి, ఆ తర్వాతే ఆయనకిచ్చింది. ఇన్‌స్పెక్టరు లోపలికి పోయి నీళ్ల కుండలు, బొంతలు, పిల్లల కళ్లు అన్నీ చూశాడు. గాలికి ఇంకో కిటికీ పెట్టమన్నాడు.

కిటికీ పెట్టించిన కొన్నాళ్లకు ఆ ఇన్‌స్పెక్టరు సిఫారసు మీద లైసెన్సు వచ్చింది. ఆమెకు చదువు రాదు. ముందు నా చేత చదివించింది. తర్వాత నేను లేనప్పుడు ఖాసింబీ మరిది చేత చదివించి, రెండూ ఒకటేనా అని పోల్చుకుందట. నాకు కోపం రాలేదు. మావారి కోపం మాత్రం చాలా రోజులు పోలేదు. కానీ ఆ గొడవ జరిగిన మరుసటి వారం నుంచి పొద్దున పిల్లను ఎత్తుకెళ్లి ఇచ్చేది ఆయనే.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక మాకు కడపకు బదిలీ అయింది. జేజి మమ్మల్ని సాగనంపడానికి బస్టాండుకు వచ్చింది. నేను కాళ్లకు మొక్కితే తల నిమిరింది. పిల్లను ముద్దు పెట్టుకుంది. తర్వాత మమ్మల్ని వదిలేసి బస్సు ముందువైపుకు నడిచి, డ్రైవరు పక్కన నిలబడి అతన్నే చూస్తూ ఉంది.

"ఏమవ్వా, అట్ల సూస్తాండావు?" అన్నాడతను.

ఆమె అతని కళ్లలోకి ఇంకాస్త పరీక్షగా చూసింది. బస్సు కదిలింది. నేను వెనక్కి తిరిగి చూశాను. ఎర్రటి దుమ్ములో, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మా వైపు కాదు, ఇంకా ఆ డ్రైవరు కిటికీ వైపే చూస్తూ నిలబడి ఉంది జేజి.