మైకులో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం

టీవీలో కబడ్డీ లీగు చూసేవాళ్ళకు అతను తెలుసు. ఎడమ మూలన వంగి నిలబడి, కూతకు వచ్చినవాడి చీలమండ దొరికితే ఇక వదలడు. దివిసీమవాడు. పేరు రాయను. రాస్తే, అతణ్ణి తామే తయారుచేశామని చెప్పుకు తిరిగే బందరు పెద్దమనుషులు పదిమంది నామీదకు వస్తారు. నిజానికి తయారుచేసింది నేను. కాలేజీలో చేరిన రోజు నుంచి లీగులో అడుగుపెట్టేదాకా నా చేతిమీదుగా పెరిగాడు.

చేతిమీదుగా అంటే, అతని అప్లికేషను తీసుకుని ముద్ర వేసింది నేనే. ఆ కాలేజీలో నేను గుమాస్తాని. ఆట నేర్పినవారు వేరే ఉన్నారు. నేను ఆఫీసు కిటికీలోంచి చూసేవాణ్ణి. నా మటుకు నేను జన్మలో ఒక్కసారి కబడ్డీ ఆడాను, ఆయాసం వచ్చి మధ్యలోనే కూర్చుండిపోయాను.

నాకు వచ్చిన విద్య మైకు. గూడూరు నుంచి ఘంటసాల దాకా ఎక్కడ కబడ్డీ పోటీలు పెట్టినా వ్యాఖ్యానానికి నన్నే పిలిచేవారు. జనం ఏం వినాలనుకుంటారో అదే చెప్పేవాణ్ణి. పొట్టివాడు నా నోట ఆరడుగులయ్యేవాడు. జిల్లా పోటీల్లో బెంచీమీద కూర్చుని వచ్చినవాడు రాష్ట్రస్థాయి క్రీడాకారుడయ్యేవాడు. పామర్రు దాటి ఎరగని ఒకాయనకు ‘హర్యానాలో ఆడి వచ్చిన’ అని తగిలించాను. ఆ మాటమీద ఆయనకు పెళ్ళి కూడా కుదిరింది. అందరూ నన్ను మాస్టారూ అనేవారు. మాస్టారిని కానని నేనెప్పుడూ చెప్పలేదు.

మనవాడు ఆ రోజుల్లో మూలన నిలబడేవాడు కాదు, కూతకు వెళ్ళేవాడు. మధ్య గీత దాటి వెళ్ళి, కుడివైపు చూస్తూ చూస్తూ వెనక్కి కాలు విసిరి ఎడమవైపు వాణ్ణి తాకి వచ్చేసేవాడు. అతనికో అలవాటుంది. కాలు విసరబోయే ముందు ఎడమ అరచెయ్యి నిక్కరుకు తుడుచుకుంటాడు. రెండేళ్ళు కిటికీలోంచి చూసి అది కనిపెట్టాను. ఎవరికీ చెప్పలేదు, అతనికి కూడా.

డిగ్రీ ఆఖరి ఏడాది. ఘంటసాల దగ్గర ఒక ఊళ్ళో, వరి కోసిన చేలో మ్యాటు పరిచి కొత్త సంవత్సరం పోటీలు పెట్టారు. ఫైనలు మా కాలేజీకీ గుడివాడ జట్టుకీ. ఆట మొదలయ్యే ముందు మనవాడు టెంటులోకి వచ్చాడు.

“మాస్టారూ, ఇవాళ నా గురించి కాస్త గట్టిగా చెప్పండి. లీగు నుంచి ఒకాయనొచ్చాడు. కూతకెళ్ళేవాడు కావాలంట. ఇవాళ ఆయన కంట్లో పడకపోతే రేపట్నుంచి మా నాన్నతో కోతమిషను ఎక్కడవేనండి.”

“నీ గురించి నాకు ఒకళ్ళు చెప్పాలట్రా? ఆకాశానికెత్తేస్తాను చూడు.”

“హర్యానా మాత్రం వద్దండి. ఆయనది హర్యానాయే.”

సగం ఆట అయ్యేసరికి మనవాడు ఎనిమిది పాయింట్లు తెచ్చాడు. నేను డెల్టా సింహం అన్నాను, బందరు మెరుపు అన్నాను, దివిసీమ తుపాను అనబోయి, ముందు వరసలో ఆనాటి ఉప్పెన చూసిన ముసలివాళ్ళున్నారని మింగేశాను. లీగాయన ఫోను చూసుకుంటున్నాడు. నా దగ్గర బిరుదులు అయిపోయాయి. ఏదో ఒకటి చెప్పి ఆయన తల ఎత్తించాలి.

“అయ్యా, జాగ్రత్తగా గమనించండి! ఎడమ చెయ్యి నిక్కరుకు తుడిచాడంటే వెనక కాలు లేచినట్టే! ఈ రహస్యం మీ మాస్టారొక్కడికే తెలుసు!”

జనం ఈలలు వేశారు. లీగాయనకు తెలుగు రాదు, తల ఎత్తలేదు. గుడివాడ కెప్టెనుకు తెలుగు వచ్చు. నావైపు తిరిగి నమస్కారం పెట్టాడు.

నలభై ఏళ్ళ మైకు జీవితంలో నేను చెప్పిన నిజం అదొక్కటే.

తరువాతి కూతలో చెయ్యి తుడిచాడు, కాలు లేచింది, లేచిన కాలు ఇద్దరి చేతుల్లో ఉంది. ఇంకోసారీ అంతే, మూడోసారీ అంతే. మా కెప్టెను, “ఇంక నువ్వు కూతకెళ్ళకు బావా, ఆ మూలన నిలబడు” అని కసిరాడు. మనవాడు ఏడుపు ముఖంతో నిలబడ్డాడు. ఆ కోపంలో గుడివాడవాళ్ళలో ఎవడు కూతకు వచ్చినా చీలమండ పట్టుకుని కింద పడేశాడు. నలుగుర్ని. లీగాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

నెల తిరక్కుండా పిలుపు వచ్చింది, మూలన నిలబడేవాడిగా. బందరులో సన్మానం చేస్తే, అతనిలో ఆ పట్టు ఉందని మొదట కనిపెట్టింది నేనేనని మైకులోనే చెప్పాను.

మూడు సీజన్లు గడిచాయి. మొన్న వేసవిలో మా ఇంటికొచ్చాడు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నేనే రెండు గ్లాసులు తాగి మొదలుపెట్టాను.

“నీకో సంగతి చెప్పాల్రా. ఆ రోజు నీ అలవాటు గుడివాడవాళ్ళకి చెప్పిందెవరో తెలుసా?”

“మీరేనండి.”

“నీకెవరు చెప్పారు?”

“నాలుగు స్పీకర్లు పెట్టారు కదండీ మాస్టారూ.”

ఇన్నాళ్ళూ గుండెలో దాచుకున్న పాపం మూడూళ్ళకు వినబడిందన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

“మరి అడగలేదేం?”

“ఏవని అడగను? ఉద్యోగవొచ్చింది, టీవీలో కనబడుతున్నాను. కానీ కూతకి పంపరండి. గీత దాటి అవతలికెళ్తే ఏడుగురూ మనవైపే చూస్తారు చూడండి, అదండీ...” అని కుర్చీలోంచి లేచాడు. “రేపు పొద్దున కాలేజీ గ్రౌండులో పిల్లలతో ఆడుతున్నాను. కూతకెళ్తాను. మీరు రండి. మైకు వద్దు” అన్నాడు.

వెళ్ళాను. ప్రహరీగోడ మీద కూర్చున్నాను, నోరు మూసుకుని. మొదటి కూతకే ఫస్టియరు కుర్రాడు నడుం పట్టేశాడు. రెండోసారి తొడలు దొరికాయి. రొప్పుతూ గోడ దగ్గరికి వచ్చాడు.

“అలవాటు తప్పిందండి.”

“మూడేళ్ళు మూలన నిలబడితే ఎవరికైనా తప్పుతుందిరా” అన్నాను.

పైకి అలా అన్నాను గానీ, లోపల హాయిగా ఉంది. కూతలో వీడి సరుకు అసలు ఇంతేనేమో, నా నోరు చెడగొట్టిందేమీ లేదేమో, అని. ఇన్నాళ్ళకు నాకు దొరికిన ఊరట అతను పట్టుబడటంలో దొరికింది.

“ఇంకోసారి వెళ్ళొస్తానండి” అని గీతవైపు నడిచాడు. ఈసారి కూడా పట్టుబడితే బాగుండుననుకున్నాను.

ఇద్దర్ని తాకి వచ్చాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కొంచెం ఆలస్యంగా.